విమానం ఎక్కించే ముందు బోను అలవాటు చేయండి

కుక్కనో పిల్లినో విమానంలో తీసుకెళ్లాలనుకుంటే టికెట్ కన్నా ముందు బోను కొనండి. కనీసం నెల ముందే. తలుపు తీసి హాల్లో ఓ మూల పెట్టేయండి, అన్నం గిన్నె అందులోనే పెట్టండి. కొన్నాళ్లకి అదే దూరి పడుకుంటుంది. మా కుక్క అయితే ఇప్పుడు బయటికి రమ్మన్నా రాదు! మీ కుక్కో పిల్లో బోను లోపల నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్లు చాపుకుని పడుకోగలగాలి. అంతకన్నా ఇరుకైతే వద్దు. మీరు కట్టుకుని విడిచిన పాత చీర ముక్కో, వాడిన టీషర్టో అడుగున వేస్తే మీ వాసనకి దానికి ధైర్యం.

టెన్షన్ పడుతుందని మాత్రం మత్తుమందు ఇవ్వకండి. బీపీ పడిపోవచ్చు, ఊపిరి ఇబ్బంది కావచ్చు, బోను కదిలినప్పుడు నిలదొక్కుకోలేదు. పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి లాంటి చప్పిముక్కు జాతులకి మామూలుగానే ఊపిరి కష్టం. వాటిని కార్గోలో పంపకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎండాకాలమైతే తెల్లవారుజామునో రాత్రో బయల్దేరే ఫ్లైట్ చూడండి, మధ్యలో మారక్కర్లేనిదైతే ఇంకా నయం.

నీళ్ల గిన్నెని ముందు రోజు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. ఎక్కించేటప్పుడు ఒలకవు, తర్వాత నెమ్మదిగా కరిగి తాగడానికి పనికొస్తాయి.

అమెరికా తీసుకెళ్లేవాళ్లు మాత్రం నెలల ముందే మొదలుపెట్టాలి. 2024 ఆగస్టు 1 నుంచి కుక్కకి 6 నెలలు నిండాలి, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉండాలి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనదీ ఉంది కాబట్టి టీకా కాగితాల పని ఇంకా ఎక్కువ.