మంచు పడేలోపు ఇంట్లో తేల్చుకోవాల్సినవి: పిల్లలతో స్కీ సీజన్‌కి రెడీ అవ్వడం ఎలా

సెప్టెంబర్ నెలాఖరుకి సియాటిల్‌లో వాన పట్టుకోగానే అందరూ అబ్బా మళ్ళీ మొదలైందిరా అనుకుంటారు, నాకు మాత్రం ఆ వాన చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది, కింద ఇలా పడుతోందంటే ఇంకో నెలా రెణ్ణెల్లలో పైన కొండల మీద మంచే కదా. మాది సియాటిల్ పక్కనే ఉన్న సమామిష్ ఊరు, పిల్లలిద్దరు, పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నోడికి ఐదు. నేను 34 ఏళ్ళప్పుడు నేర్చుకున్నా, ఇది నా ఆరో సీజన్, మా ఆయనకి స్కీయింగ్ అంటే పెద్ద ఇష్టం లేదు. అంటే పిల్లలు, ఆఫీసు, పండగలు, ఇండియా ప్రయాణం అన్నీ చూసుకుంటూ మధ్యలో దీనికి చోటు చేసుకోవాలి. మన తెలుగు ఫ్యామిలీలు చాలామంది ఒక్కసారి వెళ్ళి, చలికి పిల్లలు ఏడ్చి, డబ్బులు బోలెడు తగలేసి, ఇంక వద్దులే అని వదిలేస్తారు, నాకు అది చూస్తే బాధేస్తుంది ఎందుకంటే కాస్త ముందు నుంచి చూసుకుంటే చాలా హాయిగా జరిగే పని. సీజన్ ఎలా నడుస్తుందో నా లెక్కలో దసరా లోపే ఇంట్లో తేలిపోతుంది, అందుకే అక్కడి నుంచే చెప్తా.

ముందు క్యాలెండర్ ముందేసుకుని ఇంట్లో వాళ్ళతో కూర్చోండి. నవంబర్ చివర్నుంచి ఏప్రిల్ మధ్య దాకా లెక్కేస్తే ఇరవై శనివారాలు వస్తాయి. అందులోంచి బర్త్‌డే పార్టీలు, కూచిపూడి ప్రోగ్రాం, తెలుగు క్లాసు పరీక్ష, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం ఇవన్నీ ముందే తీసేయండి, మిగిలినవాటిని పంచుకోండి. మా ఇంట్లో నాకు ఎనిమిది రోజులు, అందులో ఐదు పిల్లలతో, మూడు నేనొక్కదాన్నే. మా ఆయనకి బ్యాడ్మింటన్ కోసం అన్నే రోజులు, ఆ రోజు పిల్లల్ని పూర్తిగా నేనే చూసుకుంటా, ఫోన్ చేసి పాలెక్కడున్నాయి అని కూడా అడగను. ఇది ముందు మాట్లాడుకోకపోతే ఏమవుతుందంటే, గురువారం రాత్రి బాగా మంచు పడిందని వార్త వస్తుంది, నాకు కాలు నిలవదు, శుక్రవారం రాత్రి పదింటికి అడుగుతా, ఆయనకి ఇంకేదో ప్లాన్ ఉంటుంది, ఇద్దరం మొహాలు మాడ్చుకుంటాం. రెండో సీజన్ అంతా మాకు అలాగే గడిచింది, ఇంట్లో మాట పట్టింపులు తప్ప ఏం మిగల్లేదు. సెప్టెంబర్‌లో రాసి ఫ్రిజ్ మీద అంటించినప్పట్నుంచి ఆ గొడవే లేదు.

ఇండియా ట్రిప్ సంగతి. మన వాళ్ళకి అసలు ఇబ్బంది ఇక్కడే, డిసెంబర్ సెలవులంటే ఇండియానే. దయచేసి స్కీయింగ్ కోసం దాన్ని మానుకోకండి, అమ్మానాన్నలు మనవల కోసం ఏడాదంతా ఎదురుచూస్తుంటారు. పైగా మానుకోవాల్సిన అవసరం కూడా లేదు, మన క్యాస్కేడ్ కొండల్లో మంచు ఎక్కువ లోతుగా పేరుకునేది మార్చి చివర్లో, డిసెంబర్‌లో చాలా ఏళ్ళు ఇంకా రాళ్ళూ పొదలూ కనపడుతూనే ఉంటాయి. మార్చికి పగలు పెద్దదవుతుంది, చలి తగ్గుతుంది, జనం కూడా పల్చబడతారు, పిల్లలకి నేర్పడానికి అదే బెస్ట్ టైం. జనవరి మొదట్లో ఇండియా నుంచి తిరిగొచ్చిన వారంలో ఇంకో సుఖం ఉంది, జెట్‌లాగ్‌తో పిల్లలు తెల్లారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు, ఎలాగూ లేచారు కాబట్టి ఏడుకల్లా కొండ దగ్గర పార్కింగ్‌లో ఉంటాం. సంక్రాంతి దగ్గర్లో వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ లాంగ్ వీకెండ్‌కి మాత్రం ఎటూ వెళ్ళకండి, సీజన్‌లో విపరీతమైన రద్దీ ఉండే రోజుల్లో అదొకటి, కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ లైన్లోనే పొద్దు పోతుంది. మేం ఆ వీకెండ్ ఇంట్లో అరిసెలు, భోగిపళ్ళు, ముగ్గులు పెట్టుకుంటాం, పండగా దక్కుతుంది లైన్లో నిలబడే బాధా తప్పుతుంది.

సీజన్ పాస్, అంటే సీజనంతా వాడుకునే టికెట్, కొనేముందు మీకు ఏ కొండ దగ్గరో చూసుకోండి. ఈస్ట్‌సైడ్‌లో, అంటే సియాటిల్‌కి తూర్పు వైపు ఊళ్ళలో ఉండేవాళ్ళకి ఐ-90 హైవే మీద స్నోక్వాల్మీ పాస్ (ఇక్కడ పాస్ అంటే కొండ కనుమ), మా ఇంటి నుంచి ముప్పావుగంట, పిల్లలున్నవాళ్ళకి దానికి మించింది లేదు, మొదటిసారి వెళ్ళేవాళ్ళు అక్కడ సమ్మిట్ వెస్ట్ వైపు వెళ్ళండి, ఆల్పెంటల్ వైపు మాత్రం బాగా వచ్చేదాకా పోవద్దు, అది నిటారు. స్నోక్వాల్మీ, క్రిస్టల్ మౌంటెన్ రెండూ చాలా కొండలకి కలిపి అమ్మే ఐకాన్ పాస్ కిందికొస్తాయి, హైవే 2 మీదున్న స్టీవెన్స్ పాస్ అయితే అలాంటిదే ఇంకోటి, ఎపిక్ పాస్. ఈ పాసులు వసంతంలో అమ్మకానికి పెట్టినప్పుడు చవక, చలికాలం దగ్గర పడేకొద్దీ పెరుగుతూ పోతాయి. కొత్తవాళ్ళు మాత్రం సీజన్ పాస్ జోలికి పోకండి, లెసన్, రెంటల్, టికెట్ కలిపి ఇచ్చే బిగినర్ ప్యాకేజీతో రెండు సార్లు వెళ్ళి చూసి అప్పుడు ఆలోచించండి. వారం వారం జరిగే పిల్లల లెసన్లయితే రిజిస్ట్రేషన్ శరదృతువులోనే మొదలై త్వరగా నిండిపోతుంది, అది మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఇంక సామాను. పిల్లలకి కొనకండి, సీజన్ మొత్తానికి అద్దెకి తీసుకోండి, అక్టోబర్‌లో తీసుకుంటే ఏప్రిల్ దాకా మీ దగ్గరే ఉంటుంది, మధ్యలో కాలు పెరిగితే చాలా షాపులు బూట్లు మార్చి ఇస్తాయి. నేను ఒక ఏడాది చవకగా వస్తోందని వాడిన స్కీలు పాతవి కొన్నా, తీరా సెట్ చేయిద్దామని షాపుకి తీసుకెళ్తే బైండింగ్స్ మరీ పాతవమ్మా, వీటిని మేం ముట్టుకోం అన్నారు. బూటుని స్కీకి పట్టి ఉంచేది ఆ బైండింగే, పడ్డప్పుడు టక్కున ఊడి కాలు విరక్కుండా కాపాడేది అదే, మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు చూసి టెక్నీషియనే సెట్ చేయాలి, కాబట్టి నా డబ్బులు పోతే పోయాయిగానీ వాళ్ళన్నది న్యాయం. హెల్మెట్ కూడా ఎవరు వాడిందో ఎన్ని దెబ్బలు తిందో తెలియనిది తీసుకోవద్దు. జాకెట్లు, ప్యాంట్లు, గోగుల్స్ మాత్రం ఫ్రెండ్స్ దగ్గర పొట్టైపోయినవి హాయిగా తెచ్చుకోండి, మా చిన్నోడి జాకెట్ మూడు ఇళ్ళు తిరిగొచ్చింది.

బట్టల్లో మనవాళ్ళు చేసే పొరపాటు కాటన్. లోపల కాటన్ బనీను, పైన జీన్స్ వేసి తీసుకొస్తారు, అది చెమటకో మంచుకో తడిసిందంటే ఇంక ఆరదు, పిల్లాడు గడగడా వణుకుతాడు. ఒంటికి అంటుకుని ఉన్నిదో సింథటిక్‌దో ఒక పొర, దాని మీద ఫ్లీస్, పైన నీళ్ళు దిగని జాకెట్, అంతే. సాక్స్ ఒక్క జతే, పల్చటి ఉన్ని సాక్స్ మోకాలి కింద దాకా ఉండాలి. చలికదా అని మా పెద్దదానికి మొదటి ఏడాది రెండు జతలు తొడిగా, బూటు బిగుసుకుపోయి రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడి గంటలోనే కాళ్ళు అంటూ ఏడుపు, పాపం దాని తప్పేం లేదు. చిన్నపిల్లలకి వేళ్ళు విడివిడిగా ఉన్న గ్లౌజుల కన్నా మిటెన్స్ వెచ్చగా ఉంటాయి. ఆడపిల్లలకి జడ కింద మెడ దగ్గర వేయండి, పైకి పోనీ వేస్తే హెల్మెట్ కూర్చోదు. సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు, తాజా మంచు అల్ట్రావయొలెట్ కిరణాల్ని 80 శాతం దాకా తిప్పి మన మొహం మీదకే కొడుతుంది, మబ్బుగా ఉన్నా రాయాలి.

ఒంటిని కూడా రెడీ చేసుకోవాలి, ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఒక్కసారిగా కొండ దిగితే మోకాళ్ళు ఊరుకోవు. దీనికి జిమ్ అక్కర్లేదు, చిన్నప్పుడు స్కూల్లో హోంవర్క్ చేయకపోతే వేయించేవారే గోడకుర్చీ, గుంజీళ్ళు, అవే. తొడలకి ఇంత పని చెప్పేది ఇంకోటి లేదు. గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు కుర్చీలో కూర్చున్నట్టు వంచి, ముప్పై సెకన్లతో మొదలుపెట్టి నిమిషంన్నర దాకా పెంచుకోండి, మంచుకి ఒక ఆరు వారాల ముందు నుంచి. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక హాల్లో నేనూ పిల్లలూ వరసగా గోడకుర్చీ వేస్తాం, చిన్నోడు పళ్ళు బిగబట్టి అంకెలు తెలుగులో లెక్కపెడతాడు, ఇరవై తొమ్మిది దగ్గర తడబడేవాడు, ఇప్పుడు అరవై దాకా గడగడా చెప్పేస్తున్నాడు. మోకాలి నొప్పులున్నవాళ్ళు డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి.

ఇంకో రిహార్సల్ కూడా ఉంది, ఇది అస్సలు మిస్సవ్వద్దు. అద్దె సామాను ఇంటికి రాగానే ఒక ఆదివారం హాల్లో కార్పెట్ మీద పిల్లలకి బూట్లు తొడిగి నడిపించండి. స్కీ బూటు మామూలు బూటులా ఉండదు, రాయిలా గట్టిగా ఉంటుంది, మడమ వెనక్కి ఆనేదాకా తోయాలి, బూటు నాలుక సరిగ్గా మధ్యలోకి రావాలి, ప్యాంటు అంచు లోపల ఇరుక్కోకూడదు, ఆ తర్వాతే క్లిప్పులు పెట్టాలి. ఇది మొదటిసారి పార్కింగ్‌లో, మంచుగాలిలో, వెనక కార్ల వాళ్ళు చూస్తుండగా చేస్తే మీకూ పిల్లలకీ ఏడుపే. ఇంట్లో అయితే పావుగంట ఆట. అలాగే స్కీ ముందు కొనలు దగ్గరకి తెచ్చి పిజ్జా ముక్కలా పెడితే ఆగడం, తిన్నగా పెడితే జారడం అని కార్పెట్ మీదే చూపించేయండి, టీచర్ పిజ్జా అనగానే వాళ్ళకి వెలిగిపోతుంది.

వెళ్ళే రోజు ముందు రాత్రి వాతావరణంలో చూడాల్సింది ఫ్రీజింగ్ లెవెల్, అంటే ఏ ఎత్తు దాటితే సున్నా డిగ్రీల కిందికి పోతుందో ఆ లెక్క. స్నోక్వాల్మీ పాస్ ఎత్తు 3022 అడుగులు, స్టీవెన్స్ 4061. ఫ్రీజింగ్ లెవెల్ ఆరువేల అడుగులు అని ఉందనుకోండి, రెండు చోట్లా వానే పడే అవకాశం ఎక్కువ, పిల్లల్ని తడిపి తీసుకురావడం తప్ప లాభం లేదు, ఆ రోజు మానేయండి. రోడ్డు కెమెరాలు రాష్ట్ర రవాణా శాఖ యాప్‌లో చూసుకోండి, అవలాంచ్ (కొండ మీంచి మంచు విరిగిపడడం) పనుల కోసం ఐ-90 కూడా ఒక్కోసారి మూసేస్తారు, అందుకని పెట్రోలు నిండుగా, కార్లో దుప్పటి, నీళ్ళు, చిరుతిండి ఉండాలి. ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని టైర్లకి చుట్టే చెయిన్లు మానొద్దు, చెయిన్లు తప్పనిసరి బోర్డు పెట్టినప్పుడు మామూలుగా ఆ బళ్ళకి వేయకుండా పోనిస్తారుగానీ కార్లో మాత్రం ఉండి తీరాలి, ఒకసారి డ్రైవ్‌వేలో వేసి చూసుకుంటే ఇంకా మంచిది. చిన్నపిల్లల్ని కార్ సీట్లో లావు జాకెట్‌తో కట్టకండి, బెల్ట్ వదులైపోతుంది, కట్టాక మీద కప్పండి.

తిండి ఇంటి నుంచే. నిమ్మకాయ పులిహోర లేదా చపాతీలో ఎగ్ భుర్జీ చుట్టి ఫాయిల్‌లో, ఫ్లాస్క్‌లో మిరియాల చారు, ఆ చలిలో ఆ చారు గొంతులో పడుతుంటే ఉంటుంది చూడండీ, నాకు స్కీయింగ్ ఎంతిష్టమో ఆ పావుగంట కూడా అంతే ఇష్టం. లాడ్జ్‌లో కొన్న హాట్ చాక్లెట్ పిల్లలకి లంచంగా ఒక్కటి.

పిల్లలతో వెళ్ళినప్పుడు సగం రోజే. తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పన్నెండున్నరకి ఆపేయండి, వాళ్ళు ఇంకోసారి ఇంకోసారి అంటున్నప్పుడే ఆపాలి, అలిసిపోయాకే దెబ్బలు తగిలేది, మళ్ళీ వారం రమ్మంటే వచ్చేదీ అలా ఆపితేనే. మీకు మీరు నిండుగా స్కీ చేయాలనుంటే స్నోక్వాల్మీలో నైట్ స్కీయింగ్ ఉంది, శుక్రవారం ఆఫీసవ్వగానే వెళ్ళి లైట్ల వెలుగులో మూడు గంటలు చేసుకుని పదిన్నరకి ఇంట్లో పడతా, శనివారం పొద్దున్నే పిల్లలకి దోసెలు నేనే వేస్తా, ఎవరి రోజూ పాడవదు.

పెద్దవాళ్ళు ఇండియా నుంచి వచ్చుంటే వాళ్ళని ఇంట్లో వదిలేసి పోకండి. పోయిన ఫిబ్రవరిలో మా అత్తయ్యగారిని తీసుకెళ్ళా, బూట్లకి తొడిగే మేకుల పట్టీలు దొరుకుతాయి, అవి వేసి చెయ్యి పట్టుకుని పార్కింగ్ నుంచి లాడ్జ్ దాకా నడిపించి కిటికీ పక్కన కూర్చోబెట్టా. చిన్నోడు పిజ్జా పెట్టుకుని మెల్లగా దిగొచ్చి అద్దం దగ్గర ఆగి నానమ్మా అని చెయ్యూపితే ఆవిడ శాలువా కూడా వదిలేసి లేచి నిలబడి, "అమ్మాయ్, వాడు ఆగాడు చూశావా, వాడంతట వాడే ఆగాడు!" అంది. ఆ రోజు నుంచి ఊళ్ళో అందరికీ వాట్సాప్‌లో అదే వీడియో. వాళ్ళకి ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం ముందే చూసుకోండి, జారి పడితే ఇక్కడ ఆస్పత్రి ఖర్చు మామూలుగా ఉండదు.

ఇంటికొచ్చాక ఒక్క అరగంట ఓపిక పట్టాలి, ఎంత అలసటగా ఉన్నా సరే. బూట్ల లోపలి లైనర్లు బయటికి లాగి హీటర్ గాలి తగిలేట్టు పెట్టండి, మరీ వేడి దగ్గర కాదు. స్కీల అంచులు పాత తువ్వాలుతో తుడవండి, లేకపోతే రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. గోగుల్స్ అద్దం లోపలివైపు చేత్తో రుద్దొద్దు, పూత పోతుంది, అలా ఆరనివ్వండి చాలు. మిటెన్స్ విడివిడిగా ఆరేయండి, రెండూ ఉన్నాయో లేదో ఆ రాత్రే చూసుకోండి.