మూలికల సారం తీద్దాం – 4: తూకం పెరిగితే మందు పెరిగినట్టేనా?

పోయిన పాఠంలో నేలవేము ఆకు పొడిని నీటిలో ఒకసారి, ఆల్కహాలులో ఒకసారి నానబెట్టమన్నాను. నీటి సారమే ఎక్కువ తూగింది కనుక నీరే మేలని చాలామంది తేల్చేశారు. కొత్త ద్రావకాల (నీరు, ఆల్కహాలులా సారాన్ని కరిగించి లాగేవాటి) సంగతి పక్కనపెట్టి ముందు ఇది తేల్చుకుందాం.

నీరు చక్కెరలు, జిగురు, లవణాలు అన్నిటినీ లాగుతుంది. నేలవేములో మనకు కావలసిన చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్. అది నీటిలో అంతంతమాత్రంగానే కరుగుతుంది, ఇథనాల్‌లో, అంటే మనం వాడే ఆల్కహాలులో, బాగా కరుగుతుంది. 20 గ్రాముల పొడికి నీటి సారం 4.2 గ్రాములు, అంటే 21 శాతం వచ్చిందనుకోండి. అందులో ఆ పదార్థం 4 శాతమైతే దక్కింది 0.168 గ్రాములు. ఇథనాల్ సారం 1.8 గ్రాములే అయినా అందులో 12 శాతం ఉంటే 0.216 గ్రాములు. అంకెలు ఊహించినవే, లెక్క మాత్రం నిజం.

ద్రావకాన్ని బట్టి దిగేది మారుతుందనడానికి శేషాచలం చెట్లనే చూడండి. ఎర్రచందనం, వేగిస ఒకే ప్రజాతివి, దగ్గరి చుట్టాలు. వేగిస చెక్కను నీళ్లలో వేస్తే రంగు దిగుతుంది. ఎర్రచందనం ఎరుపు నీటికి లొంగదు, ఆల్కహాలుకు లొంగుతుంది. (పరీక్షించాలని చెక్క కోసం అడవిలోకి వెళ్లకండి, కేసవుతుంది.)

ఇక నాకు చిరాకు తెప్పించేది ఆరని సారాన్ని తూచడం. బెల్లం పాకంలా వేలికి అంటుకుంటోందంటే అందులో ఇంకా నీరుంది. మీరు తూచింది ఆ నీటిని కూడా. ఆరబెట్టి, తేమ తగలకుండా సిలికాజెల్ డబ్బాలో చల్లార్చి తూచండి. మళ్లీ ఆరబెట్టి తూచండి. వరుసగా రెండు తూకాలు ఒకటయ్యేవరకు ఆపవద్దు. నవంబరు వానల్లో తిరుపతి గాలే తేమ, మూత తీసి ఉంచితే ఆరిన సారం కూడా బరువెక్కుతుంది. ఆల్కహాలు దొరకలేదని చేతుల శానిటైజర్ పోసినవారి సారమైతే ఎన్నిసార్లు ఆరబెట్టినా ఆరదు. చాలా శానిటైజర్లలో గ్లిజరిన్ ఉంటుంది. అది ఆవిరి కాదు, సారంతో కలిసి తక్కెడెక్కుతుంది.

ఎండిన ఆకుకు నేను 70 శాతం ఇథనాల్‌తోనే మొదలుపెడతాను. మెథనాల్ కూడా బాగా లాగుతుంది కానీ విషం, ఇంట్లో వద్దు. హెక్సేన్ అనే ద్రావకం కొవ్వు, మైనాలను లాగడానికి. ఇథనాల్‌ను వేడినీటి తొట్టి మీదే ఆరబెట్టాలి, దగ్గర మంట ఉండకూడదు.

అభ్యాసం: ఒకే పొడి, 10 గ్రాముల చొప్పున. నీరు, 70 శాతం ఇథనాల్, 95 శాతం ఇథనాల్, ఒక్కొక్కటి మూడేసి సీసాలు. వడకట్టిన పిప్పిని అదే ద్రావకంలో రెండోసారీ నానబెట్టి, ఆ సారాన్ని విడిగా తూచండి. రుచి చూడవద్దు. పద్దెనిమిది తూకాలూ రాసి పెట్టుకున్నవారికే వచ్చే పాఠం.