పశువు పొట్ట, మెదడు మాట – 3వ పాఠం: ఎడమ డొక్కలో అలలు లెక్కపెట్టడం

వేగస్ నాడి మెదడు అడుగు నుంచి పొట్టకు వచ్చే దారి కిందటి పాఠంలో చూశాం. ఇప్పుడు చెయ్యి ఆనించి చూద్దాం. సెకన్ల ముల్లున్న గడియారం చాలు.

మేత తిన్న గంటా రెండు గంటలకు, గేదె సాలలో నిమ్మళంగా ఉన్నప్పుడు దాని ఎడమ పక్కకు వెళ్లండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, వెన్ను కింద మూడు మూలల గుంట ఉంటుంది. అందులో పిడికిలి గట్టిగా ఒత్తి ఉంచండి. పెద్దపొట్ట (నాలుగు గదుల పొట్టలో అన్నిటికంటే పెద్ద గది) ముడుచుకున్నప్పుడల్లా పిడికిలి మెల్లగా లేచి దిగుతుంది. 2 నిమిషాలకు 2, 3 అలలు రావాలి. 5 నిమిషాలు ఓపిక పట్టండి. కొత్తవాళ్లు ఊపిరినీ అలగా లెక్కేస్తారు. ఊపిరి నిమిషానికి పదిసార్లకు పైనే, పైపైన కదులుతుంది.

పేగు గోడలో సొంత నాడుల అల్లిక ఉంది. బయటి నాడులు తెంపినా పేగు అల నడుస్తుందని 1899లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు కుక్కల్లో చూపారు. పెద్దపొట్టకు ఆ స్వేచ్ఛ లేదు. ఆజ్ఞ మెదడు అడుగు భాగమైన మజ్జాముఖం నుంచి రావాల్సిందే, రెండు వేగస్ నాడులూ తెగితే వరస అలలు ఆగిపోతాయి. అంటే మీ పిడికిలి కింద లేచేది మెదడు మాటే. నమలడం ఆ కేంద్రాన్ని లేపుతుంది. నొప్పి, జ్వరం, బెదురు, మితిమీరిన ఉబ్బరం, దాణా ఎక్కువై పులిసిన పొట్ట దాన్ని అణుస్తాయి. కొన్ని మందులూ అంతే, అందుకే సూది వేయకముందే లెక్కపెట్టాలి. మత్తు మందు జైలజిన్, వేగస్ ఆజ్ఞను అడ్డుకునే అట్రోపిన్ ఇచ్చాక అలలు లేకపోతే అది మందు పని.

ఈనిన గేదె చెవులు చల్లబడి, అలలు ఆగితే పాలజ్వరాన్ని అనుమానించండి. కాల్షియం తగ్గితే ఆజ్ఞ వచ్చినా కండ ముడుచుకోలేదు. కాల్షియం నరంలోకి డాక్టరే, నిదానంగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగుతుంది. తేన్పు, పేడ వస్తే పొట్ట దారిన పడుతున్నట్టే.

తికమక పెట్టేది ఇంకొకటి. విశాఖ వీధుల్లో చెత్తకుండీల దగ్గర మేసే ఆవులు ప్లాస్టిక్ సంచులు మింగుతాయి. అవి మింగినా, ఇనుప తీగ మింగినా, వేగస్ దెబ్బతిన్నా పొట్ట ఉబ్బి ఉంటుంది. వేగస్ దెబ్బతిన్న కొన్నిటిలో అలలు నిమిషానికి 3, 4 వస్తాయి కానీ బలం ఉండదు, గుండె కూడా నెమ్మదిస్తుంది. కాబట్టి లెక్కతోపాటు పిడికిలి ఎంత లేచిందో కూడా రాయండి.

ఈ వారం ఒకే పశువును మూడు రోజులు, ఒకే వేళకు చూడండి. నెమరు వేస్తున్నప్పుడు ఒకసారి, ఊరికే నిలబడ్డప్పుడు ఒకసారి.