రీలు వేసే ముందు ఒక్క నిమిషం

పాత ఫిల్మ్ కెమెరా బీరువాలోంచి బయటికొచ్చిందా? తొందరపడకండి. రీలుకు 36 ఫొటోలే, తప్పు జరిగినా కడిగించేదాకా తెలియదు.

• ముందు ఖాళీ కెమెరా వెనక మూత తెరిచి, షటర్‌ను 1 సెకనుకు పెట్టి నొక్కండి. తెర తెరుచుకుని మూసుకోవడం కంటికే కనిపిస్తుంది. ఆ తెరను వేలితో తాకొద్దు.

• మూత అంచుల్లోని నల్ల స్పాంజి తారులా జిగురుగా మారిందేమో చూడండి. మారితే వెలుతురు దూరి ఫొటోలపై చారలు పడతాయి.

• బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు ఉందా?

• ఫ్రిజ్‌లో దాచిన రీలైతే డబ్బా విప్పకుండా గంటో రెండు గంటలో బయట ఉంచండి. లేకపోతే ఫిల్మ్‌పై చెమ్మ చేరుతుంది.

• ఎండలో కాదు, నీడలోనే రీలు వేయండి. ఫిల్మ్ కొస పళ్ల చక్రానికి సరిగ్గా పట్టుకోవాలి. మూత వేశాక, రివైండ్ పిడిని (ఫిల్మ్‌ను తిరిగి డబ్బాలోకి చుట్టేది) నెమ్మదిగా తిప్పి వదులు తీసేసి, ఫిల్మ్‌ను ముందుకు జరిపే లివర్ లాగండి. పిడి కూడా తిరిగితే ఫిల్మ్ కదులుతున్నట్టే. నేనిది చూడక ఒక పెళ్లంతా ఉత్త కెమెరాతో తీసినట్టే తీశాను. రీలు అంగుళం కూడా కదల్లేదు!

• ఐఎస్ఓ (ఫిల్మ్ వెలుతురుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) డయల్‌పైన, రీలుపైన ఒకటేనా?

• విమాన ప్రయాణమైతే రీళ్లు చేతి సంచిలోనే పెట్టుకోండి. విమానాశ్రయాల్లో సంచులు తనిఖీ చేసే కొత్త సీటీ స్కానర్లు ఫిల్మ్‌ను పాడుచేస్తాయి, చేత్తో చూడమని అడగండి.

• రీలు అయిపోయాక, రివైండ్ చేయకుండా మూత తెరవొద్దు.