తీరిక లేనివాళ్ళకు శరత్కాలపు బేకింగ్: ఏది ఆగుతుంది, ఏది ఆగదు

యాపిల్ క్రంబుల్‌కి, అంటే పండు ముక్కల మీద వెన్న నలిపిన పిండి పొడి చల్లి కాల్చే వంటకి, గంటన్నర పడుతుందని రెసిపీల్లో రాసి ఉంటుంది. అందులో చేతికి పని ఉండేది పాతిక నిమిషాలే. మిగతాదంతా వెన్న చల్లబడటం, ఓవెన్ వేడెక్కడం, పండు ఉడకడం, తీశాక ఆరడం. గంటన్నర ఖాళీ దొరికేదాకా ఆగుదామనుకుంటే యాపిల్, గుమ్మడికాయల కాలం కాస్తా వెళ్ళిపోతుంది. ఆ పాతిక నిమిషాలనే రెండు మూడు ముక్కలు చేసి వేర్వేరు రోజుల మీద వేసుకుంటే ఆఫీసు ఉన్న రోజు కూడా ఇంట్లో దాల్చినచెక్క వాసన వస్తుంది. దీనికి ముందుగా తెలియాల్సింది, ఏ దశలో వదిలేస్తే పదార్థం ఓపిక పడుతుంది, ఏ దశలో వదిలేస్తే మొండికేస్తుంది అన్నది.

సోడా (వంటసోడా), బేకింగ్ పౌడర్ ఉన్న పిండి తడి చేశాక ఆగదు. సోడాకి బ్రౌన్ షుగర్, పెరుగు, నిమ్మరసం లాంటి ఏ పులుపు తగిలినా గ్యాస్ అక్కడికక్కడే పుట్టి, గిన్నెలోనే తేలిపోతుంది. పిండి కలిపి పెట్టి ఫోన్ మాట్లాడి వద్దామంటే, వచ్చేసరికి కేకు పొంగాల్సిన గాలి సగం పోయి ఉంటుంది. కలిపిన పావుగంటలోపు అది ఓవెన్‌లో ఉండాలి. పంచదార చల్లిన యాపిల్ ముక్కలూ ఆగవు. పంచదార రసాన్ని లాగేస్తుంది, గంట గడిస్తే గిన్నె అడుగున నీళ్ళు నిలుస్తాయి.

కుకీ ముద్ద, క్రంబుల్ పొడి, గుమ్మడి గుజ్జు, పొడి పిండి మిశ్రమం హాయిగా ఆగుతాయి. కుకీ ముద్దయితే ఆగినకొద్దీ బాగుపడుతుంది కూడా: మైదా తడిని పూర్తిగా పీల్చుకుంటుంది, వెన్న గట్టిపడుతుంది, ట్రే మీద పల్చగా పారిపోదు.

కొలతల గురించి ఒక మాట

కప్పుల లెక్క మానేసి వంటింటి తూకం వాడండి. చెంచాతో నెమ్మదిగా నింపిన కప్పు మైదా 120-125 గ్రాములుంటుంది. అదే కప్పును డబ్బాలో ముంచి తీస్తే 145-150 దాకా పోతుంది. రెండు కప్పులకు 50 గ్రాముల తేడా. గట్టిపడి, నోట్లో పిండిపిండిగా తగిలే కేకుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. తూకంతో టైమూ కలిసొస్తుంది, కడగాల్సిన కప్పులు ఉండవు.

ఓవెన్ ‘వేడెక్కాను’ అని కూత పెట్టగానే నమ్మకండి. అప్పటికి లోపలి గాలి వేడెక్కి ఉంటుంది, గోడలు ఇంకా వేడెక్కవు. తలుపు తీయగానే వేడంతా బయటికి పోతుంది. మరో పది నిమిషాలు వదిలేయండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్‌లో, కింద చెప్పిన ఉష్ణోగ్రతల నుంచి 15-20 డిగ్రీలు తగ్గించుకోండి. ఇక్కడివన్నీ ఫ్యాన్ లేని ఓవెన్‌కి, సెల్సియస్‌లో.

బేకింగ్ పౌడర్ డబ్బా ఎప్పుడు తెరిచారో గుర్తులేకపోతే, అర టీస్పూన్ పౌడర్ తీసి వేడినీళ్ళలో వేయండి. బుసబుసా పొంగితే పనికొస్తుంది. సోడానైతే నిమ్మరసంలో వేసి చూడండి.

గుమ్మడి గుజ్జు

పెద్ద కాయల్లో పీచు, నీళ్ళే ఎక్కువ. చిన్నగా, బరువుగా, లోపల కండ దట్టంగా ఉన్న కాయ తీసుకోండి. బటర్‌నట్ రకం కూడా బాగుంటుంది. నిలువుగా రెండు చెక్కలు చేసి, గింజలు తీసేసి, కోసిన వైపు కిందికి పెట్టి 200 డిగ్రీల దగ్గర 45 నుంచి 60 నిమిషాలు. కత్తి గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగాలి. చల్లారాక తొక్క వదిలేసి కండను మిక్సీ పట్టండి.

ఇక్కడితో పని అయిపోయిందనుకుని చాలామంది గుజ్జును నేరుగా వాడేస్తారు. ఇంట్లో చేసిన గుజ్జులో నీళ్ళు ఎక్కువ, ఆ నీళ్ళే తర్వాత కేకు అడుగున జిగట పొరగా తేలతాయి. పల్చని బట్టలో వేసి, జల్లెడ మీద పెట్టి, కింద గిన్నె ఉంచి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేయండి. పొద్దున ఒక చెంచా గుజ్జు పళ్ళెంలో పరిచి మధ్యలో వేలితో గీత గీయండి. గీత అలాగే నిలబడితే సిద్ధం. గీతలోకి నీళ్ళు ఊరితే ఇంకాస్త ఆగాలి.

245 గ్రాముల చొప్పున సంచుల్లో పోసి, పలకలా చదును చేసి ఫ్రీజర్‌లో పెడితే మూడు నెలలు ఉంటుంది. వాడే ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చండి. కరిగాక మళ్ళీ కాస్త నీరు విడుతుంది, దాన్ని ఒంపేయండి.

గుమ్మడి లోఫ్

లోఫ్ అంటే ఇటుక ఆకారంలో వచ్చే కేకు. దీని పొడి మిశ్రమాన్ని తీరికున్న రోజు మూడు సీసాల్లో కలిపి పెట్టుకోవచ్చు. ఒక్కో సీసాలో మైదా 210 గ్రాములు, సోడా ముప్పావు టీస్పూన్, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, దాల్చినచెక్క పొడి రెండు టీస్పూన్లు, శొంఠి పొడి ఒకటి, జాజికాయ పావు, లవంగాల పొడి చిటికెడు. టీస్పూన్లన్నీ సమంగా గీసినవే. లవంగం దగ్గర చెయ్యి జారితే కేకు పంటి మందు వాసన కొడుతుంది, జాగ్రత్త.

చేసే రోజు పెద్ద గిన్నెలో బ్రౌన్ షుగర్ 200 గ్రాములు, నూనె 120 మిల్లీలీటర్లు, గుడ్లు రెండు, గుజ్జు 245 గ్రాములు, పాలు 60 మిల్లీలీటర్లు గిలకొట్టండి. సీసాలోది ఒంపి, గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ పొడి కనబడకుండా పోయేదాకా మాత్రమే కలపండి. చిన్న చిన్న ఉండలు ఉంటే ఉండనివ్వండి. నున్నగా చేద్దామని కొడుతూ పోతే మైదాలో గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే ప్రోటీన్) సాగి, కేకు రబ్బరులా వస్తుంది. గుడ్డు తినని ఇంట్లో రెండు గుడ్లకు బదులు 120 గ్రాముల గట్టి పెరుగు వేయొచ్చు. కేకు కొంచెం బరువుగా వస్తుంది, రుచికి లోటుండదు.

23×13 సెంటీమీటర్ల లోఫ్ టిన్‌లో బటర్ పేపర్ వేసి పిండి పోసి, 175 డిగ్రీల దగ్గర 55-65 నిమిషాలు. నలభై నిమిషాలకే పైన ముదురు రంగు వస్తే ఫాయిల్ కప్పండి. మధ్యలో గుచ్చిన పుల్లకు తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు మెత్తని పలుకులు అంటితే సరే. అంత సేపు కుదరని రోజు ఇదే పిండిని 12 మఫిన్ గుంటల్లో పోయండి, ఇరవై ఇరవై రెండు నిమిషాల్లో అయిపోతుంది. అసలు ఆఫీసు రోజులకు మఫిన్లే సరైనవని మా అభిప్రాయం.

మధ్యలో కుంగితే మూడు చోట్ల వెతకండి. మొదటి అరగంటలో తలుపు తీశారా? సోడా టీస్పూన్ గీయకుండా కుప్పగా పడిందా? లేక పుల్ల అంచు దగ్గర గుచ్చి, ఉడికిందనుకుని తీసేశారా? ఎక్కువసార్లు మూడోదే అయ్యుంటుంది.

టిన్‌లో పావుగంట ఉంచి, జాలీ మీదికి మార్చండి. వేడి మీద ఉండగా కవర్ చుడితే ఆవిరి లోపలే పట్టి పైన బంకగా అవుతుంది. అందుకే రాత్రి బేక్ చేసేవాళ్ళకు ఇది బాగా కలిసొచ్చే వంట: పల్చని బట్ట కప్పి పడుకుంటే, తెల్లారేసరికి ఆరి, కోయడానికి సిద్ధంగా ఉంటుంది. రెండో రోజుకి తడి అంతటా సర్దుకుని, మసాలా రుచి కూడా దిగుతుంది. ముక్కల మధ్య బటర్ పేపర్ పెట్టి ఫ్రీజ్ చేస్తే, కావలసిన ఒక్క ముక్క ఊడదీసి బయట పెడితే అరగంట నలభై నిమిషాల్లో మెత్తబడుతుంది.

క్రంబుల్: ఫ్రీజర్ నుంచి నేరుగా ఓవెన్‌లోకి

మైదా 150 గ్రాములు, ఓట్స్ 60, బ్రౌన్ షుగర్ 80, దాల్చినచెక్క పొడి అర టీస్పూన్, ఉప్పు చిటికెడు కలిపి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న 100 గ్రాములు చిన్న ముక్కలు కోసి వేయండి. వేళ్ళ కొనలతో వెన్నను పిండిలో నలుపుతూ, పైకెత్తి మళ్ళీ గిన్నెలోకి రాలుస్తూ ఉండాలి. అరచెయ్యి తగలనీయకండి, అరచేతి వేడికి వెన్న కరుగుతుంది. మొదట రవ్వలా అవుతుంది, తర్వాత శనగగింజంత ఉండలు కనిపిస్తాయి. కొన్ని ఉండలు పెద్దవి, కొంత పొడి, అలా ఎగుడుదిగుడుగా ఉండగానే ఆపేయాలి. అంతా ఒకే ముద్దగా చేరిపోయిందంటే వెన్న కరిగింది. పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, చేత్తో చిదిపితే చాలావరకు దారికొస్తుంది.

ఇదంతా సంచిలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. మూడు నెలలు ఉంటుంది. గడ్డకట్టిందాన్ని కరిగించే పని లేదు, పండు మీద చల్లి అలాగే ఓవెన్‌లోకి. చల్లగా ఉన్న వెన్న ఆలస్యంగా కరుగుతుంది కాబట్టి ఉండలు నిలబడి, కరకరలాడతాయి.

పండుకి గట్టిగా, పుల్లగా ఉండే యాపిల్స్ కావాలి. గ్రానీ స్మిత్, బ్రేబర్న్ ముక్కగా నిలబడతాయి. మెకింటాష్ కరిగి గుజ్జవుతుంది. ఆరు మధ్యరకం కాయలు, అంటే 900 గ్రాముల దాకా, చెక్కు తీసి ఒక సెంటీమీటరు మందాన కోయండి. పంచదార 60 గ్రాములు, నిమ్మరసం ఒక టేబుల్ స్పూన్, కార్న్‌ఫ్లోర్ ఒక టేబుల్ స్పూన్, దాల్చినచెక్క ఒక టీస్పూన్ పట్టించి, 20 సెంటీమీటర్ల పాత్రలో వేసి, పైన పొడి వదులుగా చల్లండి. అదిమితే పైన గట్టిపడి కింద పచ్చిగా ఉండిపోతుంది.

190 డిగ్రీలు, 40-45 నిమిషాలు. పైన రంగు చూసి తీసేయకండి, అంచుల దగ్గర రసాన్ని చూడండి. ముందు పల్చగా, నురగ నురగగా, చకచకా బుడగలొస్తాయి. కాసేపటికి అవే బుడగలు చిక్కబడి, నిదానంగా, బద్ధకంగా పగులుతాయి. అప్పుడు కార్న్‌ఫ్లోర్ ఉడికినట్టు. అంతకుముందే తీస్తే అడుగున పచ్చి పిండి వాసనతో నీళ్ళు మిగులుతాయి. తీశాక ఇరవై నిమిషాలు ఆగితే రసం ఇంకా చిక్కబడుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో భోజనం ముగించొచ్చు.

ఒక్కరికే చేసుకోవాలంటే చిన్న గిన్నెలో ఒక యాపిల్, నాలుగు చెంచాల పొడి, పాతిక నిమిషాలు. ఫ్రీజర్‌లో ఉన్న గాజు లేదా పింగాణీ పాత్రను మాత్రం వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగులుతుంది. పొడి విడిగా సంచిలో దాచమనేది అందుకే.

కోసి కాల్చుకునే కుకీలు

వెన్న 115 గ్రాములు మెత్తబరచండి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలు దిగిపోకూడదు. సెంటీమీటరు ముక్కలుగా కోసి బయట పెడితే ఇరవై నిమిషాల్లో ఆ స్థితికొస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే ఒక మూల నూనె, ఒక మూల రాయి. పంచదార 100 గ్రాములతో తెల్లబడేదాకా గిలకొట్టి, ఒక పచ్చసొన, తర్వాత మైదా 150 గ్రాములు, దాల్చినచెక్క ఒక టీస్పూన్, ఉప్పు పావు టీస్పూన్ కలపండి. నాలుగు సెంటీమీటర్ల మందం గల కర్రలా చుట్టి, బటర్ పేపర్‌లో ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటి గంటలో రెండు మూడుసార్లు దొర్లిస్తే ఒకవైపు చదునుగా అవదు.

ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు. ఫ్రీజర్ నుంచి తీయగానే కోస్తే పెళుసుగా విరుగుతుంది, పది నిమిషాలు ఆగండి. 7-8 మిల్లీమీటర్ల బిళ్ళలు కోసి, 175 డిగ్రీల దగ్గర 11-13 నిమిషాలు. అంచులు బంగారు రంగులోకి రావాలి, మధ్యలో ఇంకా మెత్తగా అనిపించాలి. ట్రే మీదే గట్టిపడతాయి. కుకీ గట్టిపడేదాకా ఓవెన్‌లో ఉంచితే చల్లారాక బిస్కెట్టు కాదు, పెంకు తయారవుతుంది. పచ్చి ముద్దను పిల్లలు రుచి చూడకుండా చూసుకోండి. పచ్చి గుడ్డుతో పాటు పచ్చి మైదా కూడా కడుపుకి మంచిది కాదు.

ముందు రోజు ఏ ఏర్పాటూ చేసుకోనివాళ్ళకు బేరిపండు ఉంది. సగానికి కోసి, గింజల భాగం టీస్పూన్‌తో తోడేసి, ఆ గుంటలో చిన్న వెన్న ముక్క, చెంచా తేనె, చిటికెడు దాల్చినచెక్క. 190 డిగ్రీలు, పాతిక నుంచి ముప్పై అయిదు నిమిషాలు. గట్టి కాయలైతేనే బాగుంటాయి, మాగినవి కుప్పకూలుతాయి.

అన్నీ ఒకే సాయంత్రం

గుమ్మడి చెక్కలు ఓవెన్‌లో పెట్టిన గంటలో మిగతావి పూర్తవుతాయి. కుకీలకు వెన్న ముందే బయట పెట్టి, అది మెత్తబడేలోగా క్రంబుల్ పొడి నలిపి ఫ్రీజర్‌లో పెట్టండి. తర్వాత కుకీ ముద్ద కలిపి చుట్టండి. అదే గిన్నెను తుడిచి మూడు సీసాల పొడి మిశ్రమం తూచండి. ఈ వరుస తిప్పకండి, చల్లని వెన్న పని మొదట, మెత్తని వెన్న పని తర్వాత. గుమ్మడి చల్లారాక మిక్సీ పట్టి, బట్టలో కట్టి ఫ్రిజ్‌లో పెడితే సరి.

సంచుల మీద పేరు, తేదీతో పాటు ఉష్ణోగ్రత, నిమిషాలు కూడా రాసి పెట్టండి: ‘క్రంబుల్, 190, 40-45’. అలసిపోయి ఇంటికొచ్చిన రాత్రి రెసిపీ వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.