నార్వే మూలాలు వెతకాలంటే ముందు కమతం పేరు పట్టుకోండి

మా కోడలి పూర్వీకులు నార్వేలోని వాల్డ్రెస్ లోయ నుంచి మిన్నెసోటాకు వచ్చారు. మనవరాలి కోసం ఆ ఊరు కనిపెడదామని కూర్చుని, ఓల్సన్ అనే పేరు పట్టుకుని రెండు నెలలు తిరిగాను. మీరు ఆ పొరపాటు చేయకండి. ఓల్సన్ అంటే ఓలె కొడుకు, అంతే. మనకు ఇంటిపేరులా వాళ్లకు కమతం పేరు ఉండేది; వేరే కమతానికి కాపురం మారితే అదీ మారేది. అందుకే కమతం పేరు, దాని పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ల పరిధి) పేరు రెండూ కావాలి.

పాత బైబిలు మొదటి పేజీలు, సమాధి రాళ్లు, ఇక్కడి లూథరన్ చర్చి బాప్తిస్మ రిజిస్టరు చూడండి. మాకు అటక మీది చెక్కపెట్టె దారి చూపింది. నీలం రంగు మీద ఎర్రటి పూలతీగలు, వాటి మధ్య 1869, కింద హౌగెన్. హౌగెన్ అంటే దిబ్బ. ఆ పేరున్న కమతాలు నార్వేలో లెక్కలేనన్ని. చర్చి రిజిస్టరులో "స్లిద్రె" అని పారిష్ పేరు కనబడ్డాకే మా వెతుకులాట ముందుకు సాగింది.

ఇక నార్వే జాతీయ ఆర్కైవ్స్ వారి డిజిటలార్కివెట్ వెబ్‌సైటు తెరవండి, ఉచితమే. 1865 జనగణనలో కమతం పేరును రెండు మూడు స్పెల్లింగులతో వెతకండి. అందులో పశువులనూ లెక్క రాశారు. రెండు ఆవులు, ఆరు గొర్రెలు అన్న వరుస మీద వేలు ఆనించి మా కోడలు చాలాసేపు మాట్లాడలేదు.

అప్పుడు మీ లోయవాళ్ల బిగ్దెలాగ్‌లో చేరండి. ఒక్కో ప్రాంతపు సంతతివారు పెట్టుకున్న సంఘమది. 1899లో మిన్నియాపొలిస్‌లోని మిన్నెహాహా పార్కులో వాల్డ్రెస్ వాళ్లు కలుసుకున్నారు. అలా మొదలైన వాల్డ్రెస్ సాంబాండ్ వీటన్నిటిలో పాతది. హాలింగ్‌దాల్, తెలెమార్క్ వాళ్లకూ వేరే సంఘాలున్నాయి. ఏ నార్వే సంఘమైనా ఒకటేలే అనుకోవద్దు. మీ కమతం పేరు చెప్పగానే గుర్తుపట్టేవాళ్లు మీ లోయ సంఘంలోనే ఉంటారు.

వాళ్ల వార్షిక సమావేశాన్ని స్టెవ్నె అంటారు. వంశవృక్షం కాగితం మీద రాసుకుని వెళ్లండి. కమతాలవారీగా కుటుంబాల చరిత్ర రాసిన బిగ్దెబోక్ సంపుటాలు పరిచిన బల్ల ఎక్కడుందో అడగండి. ఫిడేలు, నాట్యం తర్వాత చూడవచ్చు. ఆ బల్ల దగ్గర పొద్దున్నే రద్దీ తక్కువ. "మా వంశం చెప్పండి" అనకుండా ఒక్క ప్రశ్న తయారుగా ఉంచుకోండి. మేము "స్లిద్రెలో ఈ హౌగెన్ ఏది?" అని అడిగాం. ఒక పెద్దాయన మూడు పేజీలు తిప్పి, 1869లో అమెరికా వెళ్లిన తమ్ముణ్ణి చూపించారు. పై వరుసలో అన్న ఉన్నాడు, కమతంలోనే ఉండిపోయాడు.

ఆ అన్న సంతతికి ఇప్పుడు ఉత్తరం రాస్తున్నాం. మొదటి వాక్యంలోనే కమతం పేరు పెట్టాం, పెట్టె ఫొటో జతచేశాం.