పాత రైలింజన్ ఫోటో ఏ కాలానిదో నంబరే చెబుతుంది

బ్రిటన్ ఆవిరి ఇంజన్ల పాత ఫోటో దొరికి, వెనక తేదీ లేదా? ఇంజన్ నంబరు చూడండి. 1948లో రైల్వేలను జాతీయం చేశాక చాలావాటి నంబర్లు ఐదంకెలయ్యాయి. 1938లో గంటకు 126 మైళ్ల రికార్డు కొట్టిన మల్లార్డ్ అనే ఇంజన్‌నే తీసుకోండి: అప్పుడు 4468, 1946లో 22, జాతీయమయ్యాక 60022. ఒకే ఇంజన్, మూడు కాలాలు! కలర్ ఫోటో అయితే మాత్రం జాగ్రత్త, ఇప్పుడు యార్క్ మ్యూజియంలో ఉన్నదాని మీద మళ్లీ 4468 అనే ఉంటుంది.

రైలు పెట్టెల తలుపులూ వదలొద్దు. 1956 జూన్‌లో మూడో తరగతిని రెండో తరగతిగా మార్చారు. తలుపు మీద ‘3’ కనిపిస్తే ఫోటో చాలావరకు అంతకుముందుదే. భూతద్దం పెట్టి చూడండి, అసలు మజా అక్కడే ఉంది.